నాన్న పైకి చెప్పని కొలత

ఆ రోజు కొట్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, అక్క, నేను. ఉన్న వస్తువులు: కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు (ఒకటి మోటారుది, రెండోది కాలితో తొక్కేది), ఇస్త్రీపెట్టె, తగరపు డబ్బాలో సుద్దముక్కలు, కొలతల పుస్తకం, నాన్న మెడలో టేపు, పాత తువ్వాల్లో చుట్టిన మూడు మీటర్ల కోటు గుడ్డ. సందర్భం: అక్కకి పెళ్ళి కుదిరింది.

పటమటలో మా ఇంటి ముందుగదే మా కొట్టు. నాన్న టైలరు. ఆయన కొలతలు తీస్తూ పైకి చెబుతుంటే సెలవుల్లో అక్క రాసేది. భుజం ఇంత, చెయ్యి ఇంత, పొడవు ఇంత అని రోడ్డు మీద ఆటోవాళ్ళకి కూడా వినపడేటట్టు చెప్పేవాడు. ఒక్కటే మినహాయింపు. పొట్ట ఉన్న మనిషి వస్తే మాత్రం నడుము దగ్గరికొచ్చేసరికి నాన్న గొంతు ఆగిపోయేది. టేపు చుట్టి, అంకె మీద బొటనవేలు పెట్టి, నోరు మెదపకుండా అక్క వైపు తిప్పేవాడు. అక్క చూసి రాసుకునేది. "ఎదుటివాడి నడుము ఊరందరికీ ఎందుకమ్మా?" అనేవాడు.

ఆ రోజు నాకు కొలతలు తీశాడు. భుజం చెప్పాడు. చెయ్యి చెప్పాడు. నడుము దగ్గర టేపు బిగించి, బొటనవేలు పెట్టి, మాట్లాడకుండా అక్క వైపు తిప్పాడు.

"నేనేమన్నా కస్టమర్నా నాన్నా? పైకే చెప్పు," అన్నాను.

"అది రాసుకుందిగా," అన్నాడు నాన్న.

పుస్తకం లాక్కుని చూశాను. నలభై రెండు.

ఆ గుడ్డ సంగతి కూడా చెప్పాలి. నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చిన వారం నాన్న వన్‌టౌన్ హోల్‌సేల్ బజారుకి వెళ్ళి కొన్నాడు. నీడలో ముదురు నీలం, ఎండలో పెడితే నేరేడు పండు తొక్క రంగు. ఆ రంగు తర్వాత మళ్ళీ రాలేదు. అప్పట్లో నా నడుము ముప్పై రెండు. మగపిల్లాడు ఎదుగుతాడు కదా అని కొంచెం ఎక్కువే లెక్క వేసుకుని కొన్నాడు. నేను ఆ లెక్క దాటి ఎదిగాను.

కాగితపు నమూనాలు బల్ల మీద గుడ్డపై పరిచి ఎన్ని రకాలుగా తిప్పినా, పేంటు వస్తోంది, కోటు ఒళ్ళు వస్తోంది, ఒక చెయ్యి మాత్రం బయట మిగిలిపోతోంది.

"ఒంటిచేతి కోటు వేసుకోరా. రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నాడని అనుకుంటారు," అంది అక్క.

నేను మెకానికల్ ఇంజనీర్ని. గ్రాఫ్ కాగితం తెచ్చుకుని, ముక్కలన్నీ స్కేలుకి తగ్గించి కత్తిరించి, ఒక పూటంతా పేర్చి చూశాను. చివరికి తేలింది ఒకటే. మనిషి నడుము ముప్పై ఎనిమిదికి వస్తే, మిగతా ఒళ్ళు దానికి తగ్గట్టు వస్తే, రెండు చేతులూ వస్తాయి. కాగితం తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. "నేనూ ముప్పై ఎనిమిదే అనుకున్నా," అన్నాడు.

అమ్మకి ఇవేవీ పట్టలేదు. "పెళ్ళికొడుకు సన్నగా ఉంటాడుగా. ఆ గుడ్డేదో అల్లుడికి కుట్టేస్తే సరి. వీడికి రెడీమేడ్ కొందాం," అంది.

నాన్న గుడ్డని మళ్ళీ తువ్వాల్లో చుడుతూ, "రంజాన్ పండుగ అయిన వారానికి కత్తెర పెడతా. అప్పటికి వీడు ముప్పై ఎనిమిదికి వస్తే వీడికి. రాకపోతే అల్లుడికి. గుడ్డనైతే పెంచలేం, మనిషినైతే తగ్గించొచ్చు," అన్నాడు.

"ఇంకో గుడ్డ కొని ఇద్దరికీ కుట్టొచ్చుగా నాన్నా?"

"నా చేతికి ఇంకొక్క కోటుకే ఓపికుందిరా. అది ఈ గుడ్డకే."

నా చిన్నప్పుడు పెళ్ళిళ్ళ రోజుల్లో మా కొట్టు గోడంతా కోట్లు వేలాడేవి. వాటి మధ్య దాక్కునేవాణ్ణి. రెడీమేడ్ షాపులు వచ్చాక కోట్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. చివరికి పేంట్ల కింది అంచులు మడవడం, జిప్పులు మార్చడం మిగిలాయి. ఇప్పుడు కుట్టబోయేది ఆఖరి కోటు. అది నా ఒంటి మీద ఉండాలా, బావ ఒంటి మీద ఉండాలా అన్నది ప్రశ్న. బావ మంచివాడు. అయినా ఆ కోటు నాకే కావాలి.

అడ్డం నా తిండి.

చాలామంది దాన్ని మొండితనం అనుకునేవారు. నా వైపు నుంచి చూస్తే అది మొండితనం కాదు. కొన్ని పదార్థాలు నాలుకకి తగలగానే గొంతు దగ్గర గేటు పడుతుంది. అదీ రైల్వే గేటు లాంటిది. ఇవతల ఎంతమంది హారన్ కొట్టినా లేవదు. 

తినేవి: అన్నం, ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడు, ఉల్లిపాయ వెయ్యని ఆమ్లెట్, పూరీ, గడ్డపెరుగు, అప్పడం, బిస్కెట్లు, లోపలి గుడ్డూ మసాలా తీసేసిన ఎగ్ పఫ్. తిననివి నాలుగు రకాలు. జారేవి, అంటే బెండకాయ, బచ్చలికూర, చామదుంప. నీరు కారేవి, అంటే సొరకాయ, బీరకాయ, పొట్లకాయ. గింజలు తగిలేవి, అంటే వంకాయ, టమాటా. పీచు ఉండేవి, అంటే మునగకాయ, మాంసం.

మాంసం తినని కొడుకు మా ఇంట్లో పుట్టడం బంధువులకి ఎప్పటికీ తెగని ముచ్చట. దావత్‌లకి వెళితే బిర్యానీలో అన్నం మెతుకులు మాత్రం ఏరుకుని తినేవాణ్ణి. అమ్మ ఒకసారి పక్కింటి టీచరుగారితో, "వీడు మీ ఇంట్లో పుట్టాల్సినవాడండీ," అంది. వాళ్ళు శాకాహారులు. టీచరుగారు వెంటనే, "మా ఇంట్లో పుడితే మరీ పస్తులండీ. బీరకాయ తినడు, వంకాయ తినడు, ఏం పెట్టి పెంచేదాన్ని?" అన్నారు.

తినేవాటి రంగులు చూడండి. తెలుపు, పసుపు, గోధుమరంగు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఈ మూడు రంగులే తిన్నాను. నలభై రెండుకి చేరడానికి అంతకంటే ఏమీ చెయ్యలేదు.

మొదట నేను వేసుకున్న పథకం సులువైనది: అవే పదార్థాలు, సగం కొలత. మూడో రోజుకి అక్క మీద అరవడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి, వంటింట్లో నిలబడి మూకుడులోంచే బంగాళాదుంప వేపుడు తింటూ అమ్మకి దొరికిపోయాను. "కంచంలో సగం, మూకుట్లో సగం. లెక్క సరిపోయిందిలే," అంది అమ్మ.

రెండో పథకం టీచరుగారిది. ఆవిడ ఏదో వారపత్రికలోంచి బరువు తగ్గే పట్టిక కత్తిరించి తెచ్చారు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, తర్వాత సొరకాయ రసం, మధ్యాహ్నం ఉడికించిన బీరకాయ, సాయంత్రం టమాటా సూపు, రాత్రి కూరగాయల కిచిడీ. నా పట్టిక పక్కన పెట్టి టిక్కులు కొట్టుకుంటూ వచ్చాను. కలిసింది ఒక్కటే, గోరువెచ్చని నీళ్ళు. అయినా ఆవిడ తన చేతులతో సొరకాయ రసం తీసి, గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఒక గుక్క తాగాను. గేటు పడింది. పరుగెత్తి ఆవిడ పెరట్లో జామచెట్టు మొదట్లో వంగాను. మిగిలిన గ్లాసు కూడా అక్కడే ఒంపేశాను. ఆ ఏడు ఆ చెట్టు విరగకాసింది. ఆవిడ ఎవరికి జామకాయలు పంచినా, "మా పక్కింటి అబ్బాయి సొరకాయ రసం పోసి పెంచాడు," అని చెప్పి మరీ ఇచ్చేవారు.

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం గోడ అవతల నుంచి ఆవిడ పిలిచారు. "బాబూ, ఒక్కసారి ఇలా రా. ఇవాళ నాకు ఉపవాసం. పప్పులోకి దోసకాయలు కోశాను. చేదున్నాయేమో చూసిపెట్టు."

దోసకాయని రుచి చూడకుండా ఎవరూ వండరు. పైకి అన్నీ పచ్చగా, బంగారంలా ఉంటాయి. నాలుగింటిలో ఒకటి చేదు తగిలిందంటే గిన్నెడు పప్పూ పారబొయ్యాలి. ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ ముట్టుకోకూడదు.

ఇంకెవరైనా ఇంకెందుకైనా అడిగితే తప్పించుకునేవాణ్ణే. కానీ ఉపవాసంలో ఉన్నవాళ్ళకి రుచి చూసిపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటైన పని. రంజాన్ నెలలో అమ్మ రోజా ఉండి వండుతూ, ఇంకా రోజాలు మొదలుపెట్టని నన్ను పిలిచి, అరచేతిలో చుక్క వేసి, "ఉప్పు చూడు," అనేది. అప్పుడు నాకు నచ్చుతుందా లేదా అని ఎవరూ అడగరు. చూసి చెప్పాలి, అంతే.

గింజలు గీకేసిన దోసకాయ ముక్క నోట్లో వేసుకున్నాను. కరుక్కుమంది. చల్లగా ఉంది, కొంచెం పుల్లగా ఉంది. జారలేదు. పీచు లేదు. గేటు పడలేదు.

"చేదు లేదండీ."

"అది ఒక కాయ. ఈ ముక్క వేరే కాయది, ఇది కూడా చూడు."

చూశాను. మూడోది చూశాను. నాలుగోది చూశాక, సందేహం తీరలేదని మళ్ళీ మొదటిది చూశాను.

"ఇదేంటి బాబూ, చూడమంటే సగం పప్పు లేకుండా చేశావు?" అని పళ్ళెం లాక్కోబోయి ఆవిడ ఆగిపోయారు. నా మొహంలోకి చూశారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, "ఏవండీ! ఇలా రండి! మీవాడు దోసకాయ తిన్నాడు!" అని కేక పెట్టారు. అమ్మ చేతిలో గరిటెతో సహా వచ్చింది. అక్క వచ్చింది. వాళ్ళ ముందు ఇంకో ముక్క తినిపించారు. కొత్తగా నడక నేర్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు ముగ్గురూ.

సాయంత్రం టీచరుగారు అదే దోసకాయతో వండిన పప్పు పంపించారు. ఆశగా కలుపుకున్నాను. మొదటి ముద్దకే గేటు పడింది.

అప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికీ అర్థం కాలేదు. అదే కాయ, అదే రోజు, అదే నాలుక. మారింది ఒక్కటే, ఉడకడం. ఇరవై రెండేళ్ళుగా నేను కూరగాయల్ని తప్పు పద్ధతిలో వర్గీకరించుకున్నాను. తేడా కాయల మధ్య కాదు, కాయ ఉన్న స్థితిలో ఉంది. కరకరలాడితే చాలు, నాకు అభ్యంతరం లేదు.

మర్నాటి నుంచి పరీక్షలు పెట్టాను. పాసైనవి: కీరా, క్యారెట్, పచ్చి క్యాబేజీ, మొలకెత్తిన పెసలు, గట్టి జామకాయ (గింజల భాగం తీసేసి), పచ్చి లేత బెండకాయ కూడా. ఫెయిలైనవి: టమాటా, సొరకాయ, ముల్లంగి. సొరకాయ పచ్చిగా కూడా సొరకాయే. ముల్లంగి కరకరలాడింది గానీ వాసన దగ్గర పోయింది. అందరినీ ఆశ్చర్యపరిచింది కాకరకాయ. పల్చని చక్రాలు కోసి, పెనం మీద నూనె లేకుండా పెళుసుగా కాలిస్తే హాయిగా తినగలిగాను. బిస్కెట్ల స్థానంలో వేయించిన శనగలు వచ్చాయి. అన్నం, పప్పు ఉన్నాయి గానీ, కంచంలో మూలకి జరిగాయి.

అమ్మకి మాత్రం ఇది పెద్ద అవమానం. "పొయ్యి మీద పెట్టని దాన్ని తిండంటారా? ఎవరైనా చూస్తే మా ఇంట్లో గ్యాసు అయిపోయిందనుకుంటారు," అంది. ఒకరోజు, పచ్చివి తింటే పడిశం పడుతుందని జాలిపడి, నేను కోసిపెట్టుకున్న ముక్కలన్నీ ఆవిరి మీద ఉడికించి, పోపు కూడా పెట్టేసింది. ఆకలితో వచ్చి గిన్నె మూత తీసి కూలబడ్డాను.

"కొంచెమే ఉడికించా నాన్నా. సగమే."

"సగం గేటు ఉండదమ్మా."

ఆ తర్వాత మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నా ముక్కల్లో కాకరకాయకి తప్ప దేనికీ పొయ్యి వెలిగించకూడదు, కానీ కొయ్యడం అమ్మే కొయ్యాలి. అక్కడ ఆవిడ చేతి పనితనం బయటపడింది. కీరా చక్రాలు ఎంత పల్చగా కోసేదంటే వాటిలోంచి కిటికీ కనపడేది. వచ్చినవాళ్ళకి ఎత్తి చూపించడం కూడా మొదలుపెట్టింది.

పొద్దున్నే జేబులో శనగలు పోసుకుని కాలవ గట్టు మీద నడిచేవాణ్ణి. మధ్యలో ఒక్కసారి కూడా నాన్న టేపు ముట్టుకోనివ్వలేదు. "కత్తెర రోజున చూద్దాం," అనేవాడు. బెల్టు వదులైందని చెబితే మాత్రం, కాజాలు పొడిచే సూది తీసి కొత్త కన్నం పొడిచి ఇచ్చేవాడు.

పెళ్ళి తేదీ సంగతులు మాట్లాడుకోవడానికి పెళ్ళికొడుకు వాళ్ళు కంకిపాడు రమ్మన్నారు. దావత్ పెట్టారు. బిర్యానీ, దాల్చా, కోడి వేపుడు, డబల్ కా మీఠా వరసగా వచ్చాయి. నా ముందుకి మాత్రం అక్కకి కాబోయే అత్తగారు ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టారు. దోసకాయ, క్యారెట్, క్యాబేజీ, అన్నీ పచ్చివే, నిమ్మకాయ పిండి మరీ. "అబ్బాయి ఇయ్యే తింటాడంట కదా. దోసకాయలు మా చేలోవే. చేదు చూసే కోశా," అన్నారు.

పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన పళ్ళేన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏం బాబూ, మా ఊరొచ్చి కుందేలు భోజనమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కరకరలాడించుకుంటూ.

కోటు పందెం గురించి అక్క ఫోన్లో బావకి ఎప్పుడో చెప్పేసిందని అప్పుడు తెలిసింది. కాబోయే బావ నా పక్కనే కూర్చుని, ఒకటే మర్యాద.

"బామ్మర్దీ, ఈ అన్నం చూడు, పైపైది, ముక్కలు లేవు. నీకోసమే తీయించా. వేసుకో."

"వద్దు బావా."

"నెయ్యి కూడా ఉంది. అప్పడాలు వేయించమన్నా."

"బావా, నీ నడుమెంత?"

"ముప్పై రెండు. నీలం నాకు బాగా నప్పుద్దని అందరూ అంటారు," అన్నాడు నా కంచంలోకి అప్పడం జరుపుతూ.

వచ్చేటప్పుడు వాళ్ళు బస్సు మీద దోసకాయల బస్తా ఎక్కించారు. అది టీచరుగారితో కలిసి పంచుకున్నాం.

రంజాన్ నెల వచ్చింది. రోజాలు ఉంటే అదే తగ్గుతుందిలే అన్నారందరూ. వాళ్ళకి నా ఇబ్బంది తెలియదు. సమోసా కరకరలాడుతుంది. పకోడీ కరకరలాడుతుంది. నేను కనిపెట్టిన సూత్రమే నా మీదికి తిరగబడింది. ఖర్జూరం నోటికి అంటుకుంటుంది కాబట్టి పనికిరాదు. అందుకని మంచినీళ్ళతో, దోసకాయ ముక్కతో రోజా విప్పేవాణ్ణి. అక్క సమోసా ఒకటి నా చెవి దగ్గర పెట్టి విరిచేది, శబ్దం వినమని. కంకిపాడు నుంచి బావ ఎవరో తెలిసినవాళ్ళ చేతికిచ్చి సమోసాల పొట్లం పంపించి, ఫోన్ చేసి మరీ అడిగాడు, "అందాయా బామ్మర్దీ? చల్లారకముందే తినాలి." రెండు తిన్నాను. బాగున్నాయి. మిగతావి టీచరుగారింట్లో ఇచ్చొచ్చాను. వాటిలో ఉన్నది మాంసం కాదు, కరకరలాడేలా వేగిన ఉల్లిపాయలే.

పండుగ అయిన వారానికి, పొద్దున్నే, నాన్న బల్ల తుడిచి తువ్వాలు విప్పాడు. గుడ్డ పరిచి, ముడతలు అరచేత్తో సర్ది, కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత మెడలోంచి టేపు తీశాడు. అక్క పుస్తకం తెరిచింది. అమ్మ గుమ్మంలో నిలబడింది. టీచరుగారు బడికి వెళుతూ రిక్షా ఆపించి మరీ లోపలికొచ్చారు. చొక్కా గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన ఆటో ఆయన కూడా, ఏం జరుగుతోందో తెలియకపోయినా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి వదులు. కోటు వేసుకుని అన్నం తినొద్దా?" అన్నాడు నాన్న.

వదిలాను. భుజం చెప్పాడు. చెయ్యి చెప్పాడు. ఛాతీ చెప్పాడు. నడుము చుట్టూ టేపు తిప్పి, బిగించి, అంకె మీద బొటనవేలు పెట్టాడు. గొంతు ఆగింది. అక్క అలవాటు ప్రకారం టేపు తన వైపు తిరుగుతుందని మెడ ముందుకి చాచింది.

నాన్న టేపు తిప్పలేదు. బొటనవేలు తీసి, కళ్ళజోడు సవరించుకుని, ఇంకోసారి చూశాడు. తర్వాత తలెత్తి, అక్క వైపు కూడా కాదు, రోడ్డు వైపు చూస్తూ, పెద్ద గొంతుతో చెప్పాడు.

"నడుము, ముప్పై ఏడున్నర."